అడుగు పూత

రెండు కార్లకీ పసుపు నేనే వేస్తాను.
ఒకే డబ్బాలోంచి, ఒకే గన్నుతో, ఒకే పూట.
బాల్కార్సెలో జూలై చలికి రంగు ఓ పట్టాన ఆరదు.
గ్యాస్ పొయ్యి దగ్గరికి జరిపి
చంటిపిల్లల్ని కాచినట్టు తలుపుల్ని కాచుకోవాలి.

ఏడో నంబరు సీరోది. ఎనిమిది ఎవరిస్తోది.
అంకెలు పీకేస్తే
కన్నతల్లులు కూడా పోల్చుకోలేరు.

మిగతా ఇరవై రెండు మందిలో ఎవరి చేతిలో ఓడినా
ఇంజన్ మీదకి నెట్టొచ్చు, టైర్ల మీదకి, గాలి మీదకి.
పక్క గరాజు వాడి చేతిలో ఓడితే
నెట్టడానికి ఏమీ మిగలదు.
అదే ఇంజన్, అదే టైరు, అదే గాలి.
తేడా అంతా సీటుకీ స్టీరింగుకీ మధ్య ఇరుక్కుని ఉంటుంది.

అందుకే కాబోలు
ఒకే గొట్టంతో మార్చి మార్చి మాతే పీల్చినవాళ్ళు
మార్చి నెల నుంచి ఎవరి గొట్టం వాళ్ళు తెచ్చుకుంటున్నారు.
అది చూసిన రోజే
ఫైబర్ బంపర్లు రెండు అదనంగా పోసి పెట్టాను.

నిన్న ఆదివారం.
దోన్ అమిల్కార్ రేడియోలో మూడుసార్లు చెప్పాడు:
"ఎక్కడివాళ్ళక్కడ ఉండండి. ఒకటీ రెండూ మనవే. జాగ్రత్తగా ఇంటికి తెండి."
"వినపడింది" అన్నాడు ముందున్న ఎవరిస్తో.
సీరో ఏమీ అనలేదు.
రేడియోలో ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో తెలుసా?
ఊపిరి వినిపిస్తుంది.

చివరి ల్యాపు. యూకలిప్టస్ చెట్ల వెనక కుడి మలుపు.
ఒక్క కారుకి సరిపోయే చోటు.
ఒకటిన్నర ఉందనుకున్నాడు ఒకడు.
ఆ అర కూడా ఇవ్వననుకున్నాడు ఇంకొకడు.
మాకు కనిపించింది దుమ్మే.
దుమ్ములోంచి ముందు బయటపడింది
వేరే ఊరి నీలం కారు.

గరాజు వెనక ఇద్దరూ హెల్మెట్లయినా తీయకుండా నిలబడ్డారు.
"వాడే గుద్దాడు."
"నేను ముట్టుకుంటే ఒట్టు."
పసుపు మీద పసుపు గీత.
ఎవరి రంగు ఎవరికంటిందో ఆ దేవుడు కూడా చెప్పలేడని
దోన్ అమిల్కార్ టోపీ నేలకేసి కొట్టాడు.

దేవుడి సంగతేమో గానీ
నేను చెప్పగలను.

ఫిబ్రవరిలో బూడిదరంగు ప్రైమర్ అయిపోయింది,
సరుకు లారీ రాలేదు.
ఎనిమిదో నంబరుకి అడుగున ఎర్రది కొట్టేశాను.
పైన పసుపు పడ్డాక ఎవరడుగుతారు?
ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

రాత్రి అందరూ వెళ్ళాక
దీపం కిందికి దించి చూశాను.
ఏడో నంబరు ముక్కుకి ఎడమ మూల
కుంకుమ చిదిపినట్టు ఎర్రపొడి.
సరే, సీరోనే.
అక్కడితో దీపం ఆర్పేస్తే పోయేది.

ఎనిమిదో నంబరు ముక్కు మీద
విత్తనాల కంపెనీ స్టిక్కరు ఒకటి కొద్దిగా లేచింది.
అది నేను అతికించింది కాదు.
గోటితో లాగాను.
కింద గాడి. గాడిలో బూడిదరంగు.
పాతది. దాని మీద రెండు రేసుల మురికి.

రియో క్వార్తోలో సీరో కారు వెనకభాగం జారి
గోడెక్కిన రోజు గుర్తొచ్చింది.
"నాదే తప్పు, తొందరపడ్డాను" అన్నాడు ఆస్పత్రి మంచం మీద.
అందరం నమ్మాం.
వాడూ నమ్మాడనే అనుకున్నాను, నిన్నటిదాకా.

ఉప్పుకాగితం తడిపి
రెండు ముక్కులూ తెల్లారేదాకా రుద్దాను.
ఎరుపు నీళ్ళూ బూడిద నీళ్ళూ
ఒకే కాలువలో కలిసిపోయాయి.

పొద్దున దోన్ అమిల్కార్ వచ్చాడు. "ఏమైనా తేలిందా, నేలిదా?"
"పసుపు" అన్నాను. "అంతా పసుపే."

ఈసారి రెండిటికీ ఎర్ర ప్రైమరే వేశాను.
ఇకమీదట నాక్కూడా తెలియకూడదు.

ఇప్పుడు పొయ్యి ముందు
రెండు ముక్కులూ ఎదురెదురుగా ఉన్నాయి, జానెడు ఎడంలో.
ఆరేదాకా ఒకదానికొకటి తగలకుండా
కాపలా కూర్చున్నాను.