కొరడా గొట్టం

మా మొదటి కారుకి కొరడా పెట్టుకునే గొట్టం ఉండేది.
నవ్వకండి. బిగించింది నేనే.
కుడిపక్క, డాష్‌బోర్డు అంచున
రెండు మరలు, ఒక ఇత్తడి కట్టు.
ఇరవై రెండేళ్లు బగ్గీలకి బిగించిన చెయ్యి,
ముందు గుర్రం ఉందో లేదో చూసుకోలేదు.

ఒహాయోలో, మౌమీ నది వంపులో మా షెడ్డు.
యజమాని థాడియస్ గ్రిమ్‌షా
బగ్గీల మీద కూడబెట్టిందంతా తెచ్చి
ఒకే ఒక్క సిలిండరు నోట్లో పోశాడు.
మోడల్ ఏ. ఏడు గుర్రాల బలం.
ఎర్ర అక్షరాల్లో ఆ బోర్డు రాసిందీ నేనే.
"ఏవీ ఆ ఏడూ?" అన్నాడు
గడ్డి అమ్మే రూఫస్ బెల్నాప్,
మోకాళ్ల మీద వంగి, కారు కిందికి తొంగిచూసి.
"ఏం తింటాయవి?"
నవ్వుతూనే అడిగాడు, గొంతులో మాత్రం గడ్డిపోచ అడ్డం పడ్డట్టుంది.

దానికి చక్రం లేదు, చుక్కానిలాంటి కడ్డీ.
దాన్ని పట్టుకు నడపడమంటే
మొండిమేకని చెవి పట్టి సంతకి తోలడమే.
మొదటిరోజు మెథడిస్టు చర్చి దాకా వెళ్లింది,
రెండుసార్లు దగ్గింది,
పాదిరీ గారి గేటు ముందు చతికిలబడింది.
మా ముసలి జూనోని తోలుకెళ్లి
తాళ్లు కట్టి లాక్కొచ్చాం.
రూఫస్ వేళ్లు మడిచి లెక్కేశాడు:
"మొత్తం ఎనిమిదన్నమాట."

అప్పుడు చూశాడు గ్రిమ్‌షా ఆ గొట్టాన్ని.
దాన్ని చూశాడు. నన్ను చూశాడు.
టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.
"ఉండనీ," అన్నాడు.

ఆ కారుని డాక్టరమ్మ హెస్టర్ క్విన్బీ కొంది.
అర్ధరాత్రి పురుళ్లకి,
బురదలో ఇరుసు దాకా దిగబడుతూ,
కిరసనాయిలు దీపాలు రెండూ ఆరిపోయినా
తిట్టుకుంటూ, తోసుకుంటూ తిరిగేది.
టాంకులో పెట్రోలు ఎంతుందో ముంచి చూసే కర్ర
ఆ గొట్టంలోనే ఉండేది.
"ఎనాక్, ఇది ఎవరి ఆలోచనోగాని, మహా తెలివైనది," అంది.
నేను పసుపురంగు డబ్బా మూత
అవసరం లేకపోయినా తీసి మళ్లీ పెట్టాను.

మోడల్ బికి రెండు సిలిండర్లు, గుండ్రటి చక్రం,
తెల్లకాలరు వేసుకొచ్చిన కొత్త ఇంజనీరు.
"ఆ గొట్టమేమిటి, తీసెయ్," అన్నాడు.
తీసేశాను.
మర పట్టే చోటు ఖాళీగా ఉంటే
చెయ్యి అటే పోయేది చాలా రోజులు,
ఊడిన పంటి మీదికి నాలుక పోయినట్టు.

మోడల్ సి చాలా అందమైన కారు.
నాకు తెలుసు, కేటలాగులో బొమ్మ గీసింది నేనే కాబట్టి.
నలుగురు కూర్చోవచ్చు, పైన ముడుచుకునే గుడ్డ కప్పు,
వెనక సీట్లో ఈక టోపీ పెట్టుకున్న ఆడమనిషి.
ఆవిడ ఎక్కడికీ వెళ్లలేదు.
కారుకన్నా ముందు బ్యాంకువాళ్లొచ్చారు.

అయిదేళ్లలో నలభై ఒక్క కార్లు.
గ్రిమ్‌షా పుస్తకంలో నలభై మూడని ఉంది.
నా లెక్కే నిజం.
ప్రతి కారు నడుముకీ వెంట్రుకంత పసుపు గీత
ఊపిరి బిగబట్టి లాగినవాణ్ని,
ఎన్నిసార్లు ఊపిరి బిగబట్టానో నాకు తెలీదా?

వేలం నాడు వాన.
లేతు మిషను టొలీడోవాళ్లకి పోయింది.
నూటపన్నెండు కొరడా గొట్టాలున్న పెట్టెకి
ఒక్కడూ పాట పెట్టలేదు.
ముప్ఫై సెంట్లకి నేను తెచ్చుకున్నాను.
ఇప్పుడు వాటిల్లో నా కుంచెలుంటాయి,
ఒకదాంట్లో మా ఆవిడ అల్లికసూదులు,
మిగతావి అటక మీద.

జూనోని రూఫస్ కొన్నాడు, పదకొండు డాలర్లకి.
తాడు పట్టుకుని వానలో నడిపించుకెళుతూ
షెడ్డు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగాడు,
లోపలి చీకట్లోకి చూస్తూ,
మిగతా ఏడూ బయటికొస్తాయేమోనన్నట్టు.