సోమవారం చూడాలి

తొంభై అయిదు ఇంపాలా ఎస్‌ఎస్. ముదురు చెర్రీ రంగు.
రంగంటే, టాపు మీదా డిక్కీ మీదా రంగే.
కిందికొస్తే తలుపుల అంచులు
నానిన బిస్కెట్టులా వేలికి రాలతాయి.
మిషిగన్‌లో డిసెంబరు వస్తే రోడ్లకి ఉప్పు జల్లుతారు.
ఉప్పు తిన్నవాడికి విశ్వాసం ఉండాలంటారు,
నిజమే కావచ్చు,
బే సిటీలో మాత్రం తినేది ఉప్పే.

కొన్ననాడు రెండువందల అరవై గుర్రాలన్నాడు సేల్స్‌మన్.
ఎన్ని మిగిలాయో లెక్కపెట్టలేదు.
మేత మాత్రం అన్నిటికీ పోస్తున్నాను.
"దాని ఖర్చుతో ఇంకో మొగుణ్ణి పోషించొచ్చు" అంటుంది జెనెవీవ్.
అంటూనే గరాజులోకి కాఫీ తెచ్చి
ఫెండరు మీద కాదు, నేర్చుకుంది,
స్టూలు మీద పెట్టి పోతుంది.

ప్లాంటులో ఇరవై ఎనిమిదేళ్ళు వాల్వులు గ్రైండ్ చేశాను.
ఈ ఇంజన్‌లో ఉన్న పదహారింట్లో
నా చేతిమీదుగా పోయినది ఒక్కటైనా ఉందో లేదో.
ఉందనే అనుకుంటాను.
ఐడిల్‌లో ఒకచోట చిన్నగా తడబడుతుంది చూడండి,
అదే నాదయ్యుంటుంది. రాత్రి షిఫ్టుది.

ఎవడో పెద్ద చదువు చదివినవాడు
వాటర్ పంపు కిందే, సరిగ్గా దాని ముక్కు కిందే
డిస్ట్రిబ్యూటరు పెట్టాడు.
నీళ్ళ కింద నిప్పు.
పంపు చెమరిస్తే చాలు, బొట్టు బొట్టుగా దిగి
రవ్వ పుట్టే చోటు తడిసిపోతుంది.
బండి రెండుసార్లు దగ్గుతుంది, ఇక కదలదు.
ఒకసారి తెరుచుకునే వంతెన మీదే ఆగింది,
కింద నదిలో సరుకు ఓడ హారన్ కొడుతుంటే.
వంతెన మనిషి దిగొచ్చి, తిట్టి,
ఇది ఎన్నో సంవత్సరం మోడలని అడిగి,
తనే వెనకనుంచి తోశాడు.

కిందటి అక్టోబరులో కుడి వెనక తలుపు కోసం
బావమరిది పికప్ అడిగి తీసుకుని
పింకానింగ్ దాటాక ఆర్లిస్ పాతబళ్ళ యార్డుకి పోయాను.
మూడో వరసలో, మినీవాన్ల మధ్య ఉంది:
అదే ఏడు, అదే చెర్రీ.
చక్రాల్లేవు. బానెట్ లేదు. ఇంజన్ ఉండాల్సిన చోట
ఎండుటాకులు, ఒక కందిరీగల తుట్టె.
తలుపులు మాత్రం, దేవుడా,
పెళ్ళికొడుకు బూట్లలా ఉన్నాయి.
ఉప్పులో తిరిగొచ్చిన ప్రతి రాత్రీ
గోరువెచ్చని నీళ్ళతో కడిగినవాడెవడో.

గ్లవ్‌బాక్స్‌లో చేతిపుస్తకం దొరికింది.
రూబెన్ గెబ్‌హార్ట్, ఫ్రాంకెన్‌ముత్.
పెన్సిలు రాత, చీమలబారులా తిన్నగా.
మూడువేల మైళ్ళకోసారి ఆయిల్. తారీకు, వెల, ఆ రోజు గాలి ఎటువైపో.
ఒకచోట: "బెల్టు మార్చాను. లోయిస్ టార్చి పట్టింది.
ఎప్పట్లాగే నేను చూడని వైపు."
ఇంకోచోట: "లోయిస్‌తో ఫ్లింట్ ఆస్పత్రికి. రానూపోనూ యాభై రెండు."
అక్కణ్ణుంచి పేజీ నిండా
యాభై రెండు, యాభై రెండు, యాభై రెండు.
తర్వాత మళ్ళీ ఆయిలే.
గాలి సంగతి రాయడం మానేశాడు.
చివరి ముక్క:
"పంపు చెమరిస్తోంది. సోమవారం చూడాలి."
దాని కింద గీతలున్న ఖాళీ కాగితాలు, చాలా.

తలుపుకి నూటపాతిక తీసుకున్నాడు ఆర్లిస్.
పుస్తకం ఎత్తి చూపిస్తే
ఈగని తోలినట్టు చెయ్యి విసిరాడు.

తలుపు బిగించాను. సరిగ్గా కూర్చోలేదు,
కుంగింది నా బండి కీళ్ళు, దానిదేం తప్పు లేదు.
రంగూ కలవలేదు.
రెండూ చెర్రీయే అంటారు గానీ ఎండలో నిలబెడితే
ఆయనది పండు, నాది వరుగు.

ఇవాళ శుక్రవారం. రాత్రికి మంచు పడుతుందంటున్నారు.
బానెట్ ఎత్తి, టార్చి పళ్ళతో కరిచి పట్టుకుని
పంపు అడుక్కి వేలు పోనిచ్చాను,
పిల్లాడికి జ్వరం చూసినట్టు.
తీసి వాసన చూశాను.
తియ్యటి వాసన.

పదో నంబరు పానా ఎక్కడ పెట్టానో.
జెనెవీవ్, ఒక్కసారి వచ్చి లైటు పట్టు.
అటు కాదు.
ఇటు, ఇటు.