ఇరవై మూడో అంతస్తులో వన్స్‌మోర్

సినిమాలో ఈ ఊరిని నాలుగు నిమిషాల్లో దాటేస్తారు.
పల్లవి ఇసుకదిబ్బల మీద,
మొదటి చరణం క్రీక్‌లో చెక్కపడవ మీద,
రెండోది అన్నిటికంటే పొడుగాటి మేడ ముందు.
హీరోకి చెమట పట్టదు.
నాకు షార్జా నుంచి కాలేజీకి
గంటా నలభై నిమిషాలు.
బస్సు అద్దానికి తల ఆనించి
తెలుగు నిద్ర ఒకటి, ఇంగ్లీషు నిద్ర ఒకటి.

మా ఇంట్లోనూ తెర ఉంది.
హాలుకి అడ్డంగా పూల దుప్పటి,
దాని అవతల మలయాళీ దంపతులు.
వాళ్ల పోట్లాట నేపథ్యంలో వినిపిస్తుంది,
ప్రవేశం మాత్రం ఉండదు.

శనాదివారాలు నాటకశాలలో టార్చి పట్టుకుంటాను.
నల్లకోటు వాళ్లదే, సాయంత్రం తిరిగిచ్చేయాలి.
ఆలస్యంగా వచ్చినవాళ్ల కాళ్ల ముందు
కాస్త వెలుతురు పరవడం నా ఉద్యోగం.
వేదిక మీద ఎక్కడో చలిదేశపు పిల్ల
టీ కప్పు కింద పెట్టి
ఉన్నట్టుండి పాట ఎత్తుకుంటుంది.
మాట్లాడుతూ మాట్లాడుతూ పాడ్డమేంటని
మా క్లాసువాళ్లు నవ్వుతారు.
నాకు వింత కాదు.
మా ఓబులేసు మామ
అన్నంలోకి ఉప్పడగాలన్నా రాగం తీస్తాడు.

పుల్లంపేట చుట్టుపక్కల తిరునాళ్లకి ఆయన రాజు.
అట్టకిరీటం, గిల్టు భుజకీర్తులు,
పక్కన ఆయాసపడే హార్మోనియం.
బాణం తగిలి పడిపోయాక
జనం ఈలలేసి వన్స్‌మోర్ అంటే
చచ్చినవాడు లేచి, మీసం సర్దుకుని,
పద్యం మళ్లీ పాడి, మళ్లీ చచ్చేవాడు.
మూడుసార్లు చచ్చిన రాత్రి
మూడు నూటపదహార్లు చదివించారని
ఇప్పటికీ దిర్హాముల్లోకి మార్చి చెప్తాడు.

ఇక్కడ ఆయన పని మేడల అద్దాలు తుడవడం.
తాళ్ల ఉయ్యాల, సబ్బునీళ్ల బకెట్టు,
నడుముకి కొక్కెం.

ఏప్రిల్‌లో ఒక మంగళవారం
కాస్ట్ అకౌంటింగ్ క్లాసులో ఉన్నాను.
కిటికీలో ముందు బూట్లు దిగాయి,
తర్వాత నారింజరంగు చొక్కా,
తర్వాత మామ.
నన్ను చూశాడు. తెలిసినట్టు తలూపలేదు.
నేనూ ఊపలేదు.
సిగ్గుపడ్డావా అని ఎవరూ అడగలేదు గానీ,
పడ్డాను, ఒక్క నిమిషం.
ఆ నిమిషం ఇంకా నా దగ్గరే ఉంది,
ఎవరికి తిరిగివ్వాలో తెలీదు.

అప్పుడాయన నోరు తెరిచాడు.
రెండు పొరల అద్దం, చప్పుడు ఇవతలికి రాదు.
రంగులున్న మూకీ సినిమా.
మెడ నరాలు ఉబ్బాయి, కనుబొమలు లేచాయి,
తుడిచే కర్ర గదై భుజమెక్కింది.
యతి దగ్గర విరుపూ
పాదం చివర సాగతీతా
కంటికి కనిపిస్తున్నాయి.
నురగ జారి ముఖాన్ని మూసేస్తే
ఒక్క తోపుతో తెర తీశాడు.

వెనక ఎవరో నవ్వారు, ఎవరో ఫోను తీశారు.
నేను చూపుడువేలు పైకెత్తాను.
ఒక్కటి. ఇంకొక్కటి.
నాకేదో సందేహమనుకుని
సారు "యస్?" అన్నారు.
ఏం లేదు సార్ అని తల తిప్పేసరికి
ఉయ్యాల ఇరవై రెండుకి దిగిపోయింది.
తాళ్లు మాత్రం కాసేపు వణికాయి.

ఆ శుక్రవారం డేరాలో సెకండ్ షో.
క్యాంపుల నుంచి వ్యాన్లలో వచ్చినవాళ్లు
చింపిన రసీదులు తెర మీదికి విసురుతున్నారు,
గేటు దగ్గర సూడానీ గార్డు చేతులు కట్టుకుని
ఈ పండగ ఎవరిదో అర్థంగాక నవ్వుతున్నాడు.
తెర నిండా మా ఊరే, అంటే ఈ ఊరే.
హీరో వెనక మేడ తళతళలాడుతుంటే
మామ నా మోచేయి పొడిచాడు.
"ఆ ఎనకాల అద్దం సూడు. నేను తుడిసిందే."

ఇంటర్వెల్లో సమోసా చల్లారుస్తూ అడిగాను,
ఆ రోజు పాడింది ఏ పద్యమని.
"పద్యమూ లేదు పాడూ లేదు మే!
పక్క తాడోడిని బకెట్టు ఇటియ్యమని అరిసినా"
అన్నాడు.

అన్నాడు గానీ
బకెట్టు దగ్గర విరిచాడు,
ఇటియ్యమని దగ్గర సాగతీశాడు.
ముందు వరసలోవాళ్లు వెనక్కి తిరిగి చూశారు.