మూడు సెంటీమీటర్ల గడి

గిరెసున్‌లో, నల్లసముద్రానికి వీపు పెట్టి కూర్చున్న మా పత్రికాఫీసులో
కృతజ్ఞతకు రేటుంది.
మాటకింత. చుట్టూ గీత కావాలంటే ఇంకొంత.
పంతొమ్మిదేళ్లుగా ఈ కిటికీ వెనక
జనం గొంతు దాకా తెచ్చుకున్న మాటల్ని
పెన్సిలు కొసతో లెక్కపెడుతున్నాను.

ఎక్కువగా డాక్టర్లకే వస్తాయి.
రాయి తీసిన చేతికి, కాన్పు చేసిన చేతికి,
నాన్న దక్కకపోయినా
తెల్లవార్లూ నిలబడ్డ నాలుగో అంతస్తు నర్సులకు.
ఖననానికి వచ్చినవారికి, రాలేక ఫోను చేసినవారికి.
ఎవరిని మరిచిపోయామోనని భయపడి
చివర్లో "తదితరులందరికీ" అని చేరుస్తారు.
ఆ భయానికి కూడా ఒక మాట ఖరీదు తీసుకుంటాను.

ఫిబ్రవరిలో గుల్‌సెరెన్ వచ్చింది.
హేజెల్ కాయలు ఒలిచి ఒలిచి గోళ్లు నల్లబడ్డ మనిషి.
కాగితం తేలేదు. చెబుతాను, రాసుకో అంది.

"దెరెలి దారిలో మంచు కురిసిన రాత్రి
బస్సు నిలిచిపోయి, నడిచొస్తూ కూలబడ్డ నా మనవణ్ణి
లారీలో ఎక్కించుకుని
ఆసుపత్రి గుమ్మంలో దించి వెళ్లిపోయినవాడికి."

పేరు? తెలీదు.
లారీ నంబరు? ఎవరూ చూడలేదు.
ఒక దీపం వెలగడం లేదట, ఎడమదో కుడిదో.
తన కోటు పిల్లాడి మీదే వదిలేశాడు.
జేబులో సగం కొరికిన సిమిత్ రొట్టె ఉంది.

పేరు లేకుండా ఎవరికి చేరుతుందమ్మా, అన్నాను.
"చేసినవాడికి తెలుస్తుంది కదా.
వాడి చేతులు వెచ్చగా ఉండాలి, అని కూడా రాయి.
అదెంతవుతుంది?"

రుమాలు ముడి విప్పింది. చిల్లర పరిచింది.
రెండు మాటలకు తక్కువైంది.
కాసేపు కాగితాన్ని, చదవలేకపోయినా, చూసి
"కింద నా పేరు తీసెయ్" అంది.
పేరూ ఇంటిపేరూ. సరిగ్గా రెండు.

ఆ రోజు అదే పేజీలో, పైన, రంగుల్లో
కాంట్రాక్టర్ల సంఘం వారు
కొత్త వంతెనకుగాను మేయరుగారికి శతకోటి ధన్యవాదాలు చెప్పుకున్నారు.
మేయరుగారి పళ్లు లెక్కపెట్టవచ్చు.
మాటలు మాత్రం నేను లెక్కపెట్టలేదు.
సగం పేజీకి మాటల లెక్క ఉండదు.

మధ్యాహ్నం నుంచి ఫోన్లు.
ఉన్యె నుంచి ఒకతను:
"ఆ మనిషిని నేను కాదండీ. కానీ నా బండికీ ఒక దీపం లేదు.
ఇప్పుడే వేయించుకొస్తున్నా."
ఒకావిడ గొంతు తగ్గించి:
"మా ఆయన కోటు పారేసుకొచ్చాడని మూడు రోజులు తిట్టాను.
అడిగితే నవ్వుతాడే తప్ప చెప్పడు.
ఆ కోటు ఏం రంగు?"
రంగు ప్రకటనలో లేదు.
అడగాలని నాకూ తోచలేదు.

షట్టరు సగం దించాక మళ్లీ మోగింది.
పేరు చెప్పలేదు.
"ఆ రాత్రి ఆ మలుపులో పిల్లాణ్ణి చూశాను.
ఆగలేదు.
వెనకాల ఇంకో బండి దీపం కనబడింది, ఒకటే దీపం,
వాడు ఆగుతాడులే అనుకున్నా."
తర్వాత చాలాసేపు ఊపిరి ఒక్కటే వినబడింది.
"ఇలాంటిదానికి మీ దగ్గర గడి ఉంటుందా?"

రేట్ల పట్టిక మీద వేలు పెట్టి కిందికి జరిపాను.
అద్దెకు. అమ్మకానికి. పోయినవి. దొరికినవి.
సంతాపం. కృతజ్ఞత.
పట్టిక అయిపోయింది.
చెప్పండి, అన్నాను.
అతను చెబుతూనే ఉన్నాడు.
పెన్సిలు ముట్టుకోలేదు నేను.

మర్నాడు మూడో పేజీలో
మూడు సెంటీమీటర్ల గడి ఒకటి తెల్లగా వెళ్లింది.
పేజీలు కట్టే తుర్హాన్ నా మీద కేకలేశాడు.
ఖాళీ ఎవరి ఖాతాలో రాయాలని అడిగాడు.
మాటలు లేవుగా, ఎంత వేస్తావో వెయ్యి
నా జీతంలోంచి, అన్నాను.
వాడింకా లెక్క తేల్చలేదు.