పెన్సిలు రాత

లెనిన్ సెంటర్‌లో ఖాసింపీరా
పుస్తకం అమ్మేటప్పుడు అట్ట చూపించడు,
మొదటి తెల్లకాగితం తిప్పి చూపిస్తాడు.
"చెయ్యి చూడండి సార్, ఎంత పెద్ద చెయ్యో!"
చేవ్రాలుని వాడు చెయ్యనే అంటాడు.

పార్సిలాఫీసులో ముప్పయ్యేళ్లు
ఎవరు ఎవరికి పంపారో చదివిన కళ్లు నావి.
లోపలేముందో ఏనాడూ విప్పలేదు.
ఈ పిచ్చీ అక్కణ్ణుంచే అంటుకుంది:
"ప్రియమిత్రుడికి", "మన రెండు దేశాల పేరిట",
"ఆ మంచురాత్రి చర్చలకు గుర్తుగా"...
ఇచ్చినవాడు మంత్రి, పుచ్చుకున్నవాడు రాయబారి.
ఇద్దరూ పోయాక పుస్తకం
కిలోల లెక్కన ఏలూరు రోడ్డెక్కింది.

దేవరభొట్ల నృసింహమూర్తిగారివి పదకొండు దొరికాయి నాకు.
నాలుగు రాజధానుల్లో మన జెండా కింద కూర్చున్న మనిషి,
ఏ భాషలోనూ కాదనడని పేరు.
వాటిలో ఒకటి, సరిహద్దు శాంతి మీద,
రాసినాయనే స్వయంగా ఇచ్చింది.
నీలిసిరా, తోక మెలితిరిగిన సంతకం.
హైదరాబాదు షావుకారొకడు పాతికవేలన్నాడు.
ఇవ్వలేదు.
మా ఆవిడ రెండ్రోజులు మాట్లాడలేదు.

బుడమేరు సింగ్ నగర్‌లోకి వచ్చిన రాత్రి
మంచాల మీద మంచం వేసి
బియ్యాన్నీ గ్యాసుబండనీ మా అత్తగారినీ ఎక్కించాం.
పుస్తకాలకి చోటు చాల్లేదు.

పదోనాడు మేడమీద దండెం కట్టి
చీరల క్లిప్పులతో
రాయబారాలన్నీ ఆరేశాను.
మిత్రుడూ లేడు, రెండు దేశాలూ లేవు,
సంతకం ఉన్నచోట ఒక నీలిమబ్బు,
చుట్టూ బురద గీసిన సరిహద్దు.
షావుకారు ఫోన్లో నిట్టూర్చాడు,
"ఇంక అది కాగితమేనండీ."

కాగితమే కదా అని
మొదటిసారి లోపలికి వెళ్లాను,
అంటుకుపోయిన తమలపాకుల్ని విడదీసినట్టు
ఒక్కో పేజీ.
అంచుల్లో పెన్సిలు.
సిరాని తాగిన నీళ్లు దీని జోలికి పోలేదు.
ఇంగ్లీషులో, బాగుందని, ఆలోచించాలని, నిజమే కావచ్చని,
ఇస్త్రీ మడత నలగని అక్షరాలు.

రెండువందల పన్నెండో పేజీలో మాత్రం
ఇక యుద్ధం రాదన్న వాక్యం పక్కన,
చీమతలంత తెలుగులో,
అబద్ధం.
ఆ ఊళ్లో ఎవడికీ అర్థంకాని లిపి చూసుకుని
ఒక్కసారి కాదన్నాడు పెద్దమనిషి.
దాని కిందే, ఇంకా సన్నగా,
మరో రోజెప్పుడో రాసినట్టుంది:
కాకపోతే బాగుణ్ణు.

ఖాసింపీరాకి పట్టుకెళ్లాను.
అలవాటుగా మొదటి కాగితం తిప్పాడు.
మబ్బు చూసి పెదవి విరిచాడు.
"చెయ్యి పోయింది గదా సార్."
లోపల చూడమనేలోపు
డీఎస్సీ గైడ్లకి బేరమొచ్చి అటు వెళ్లాడు.

ఇంటికొచ్చి మేడెక్కాను.
మిగతా పదీ
ఇంకా తడిగానే ఉన్నాయి.