దీపం రెప్ప వేసే చోటు

కుబొదెర గారు తెచ్చింది మూరెడు రాగి తీగ.
ముప్పై ఏళ్లు ట్రాముల నెత్తిన సాగి
ఒక పక్క అరిగి చదునైపోయింది.
"డిపోలో పారేస్తుంటే అడిగి తెచ్చుకున్నా" అన్నారు,
దొంగసొత్తు కాదని ముందే తెలియాలన్నట్టు.
హకొదాతెలో ఆ పూట మంచు
అడ్డంగా కురుస్తోంది.

తోకికో తీగను సాగగొట్టి రేకులు చేసింది.
రాగి మీద వెండి, వెండి మీద రాగి,
పద్దెనిమిది పొరలు.
గడియారం చూడదు ఆమె.
బొగ్గుల్లో లోహానికి చెమట పట్టేదాకా
లోహాన్నే చూస్తుంది.
ఆ తర్వాత సుత్తి.
నా పని కుంపటి విసరడం,
రాలిన రజను బాతు ఈకతో ఊడ్చి
డబ్బాలో దాచడం. మూడేళ్లుగా అదే పని.

ఆకురాయి కింద పొరలు తెగి
చెక్క ఈనెలు బయటపడ్డాయి:
కొంత, దేవదారు దుంగ కోసినట్టు,
కొంత, రాత్రి కొండెక్కి చూస్తే
రెండు సముద్రాల నడుమ
మా ఊరి నడుము సన్నబడినట్టు.
ఒక మూల మాత్రం అతకలేదు.
గోరు దూరేంత సందు.

"టంకం పెట్టేద్దామా?" అన్నాను
వెలిగారం అందుకుంటూ.
ఆమె పలకలేదు.
పలకకపోవడమంటే వద్దని కాదు,
ఇంకా చూస్తున్నానని.
మూడు రోజులు చూసింది.
నాలుగో రోజు సందు అంచులు నునుపు చేసి
వెనక సూది బిగించి
బొత్తం కన్నా కాస్త పెద్ద బ్రోచ్‌ను
బూడిదరంగు గుడ్డలో పెట్టింది.

క్షమాపణ నేనే చెప్పాను.
కుబొదెర గారు కళ్లజోడు నుదుటికెత్తి
సందులో బొటనవేలి గోరు ఆనించి
"ఇది మలుపు దాటాక వస్తుంది" అన్నారు.
"తీగ ఒక ముక్క అయిపోయి
ఇంకోటి మొదలయ్యే చోటు. అక్కడ కరెంటుండదు.
బండి తన ఊపు మీదే పోవాలి.
లోపల దీపాలు రెప్ప వేస్తాయి.
పుస్తకాల్లోంచి అందరూ తలెత్తేవాళ్లు.
ఎత్తడం నేను చూళ్లేదులెండి, చీకటి కదా.
మళ్లీ వెలిగేసరికి అద్దంలో
అందరి మొహాలూ పైకే ఉండేవి."

ఎవరి కోసమని మేం అడగలేదు.
చిల్లర ఒక్కొక్కటీ
టికెట్ పెట్టెలో వేసినట్టు లెక్కపెట్టి,
కోటు లోపలి వైపు,
ఎవరికీ కనబడని చోట,
తనే గుచ్చుకున్నారు.

ఆ రాత్రి చివరి ట్రాములో
మలుపు దాటాక దీపాలు ఆరాయి.
ఫోన్ల వెలుగులో
మొహాలు వంచినవి వంచినట్టే ఉన్నాయి.
నేను తలెత్తాను.
వెలిగాక చూసుకుంటే
గోటి సందున పిసరంత రాగి.
రేపు డబ్బాలో వెయ్యాలి.