పొగలెక్క

ఈ ఊరి పొగ ఎంతో రాసుకురమ్మన్నారు.
టన్నుల్లో.
చేతిలో ట్యాబు, మెడలో సచివాలయం కార్డు,
నెత్తిన మే నెల.

పొగతోటలో మొదలుపెట్టాను,
పేరుకైనా న్యాయంగా ఉంటుందని.
ఎప్పుడో పొగాకు పండేదట.
ఇప్పుడు పండేవి ఆసుపత్రులు.
మెట్ల కింద జనరేటర్లు గొంతు సవరించుకుంటున్నాయి.
ఎంత డీజిలు తాగుతాయని అడిగాను.
కాంపౌండరు అబద్ధం చెప్పాడు. అదే రాసుకున్నాను.

ఆత్మకూరు బస్టాండు దగ్గర
గఫార్ ఆటో ఇప్పుడు చప్పుడు చెయ్యదు. బ్యాటరీది.
వెనకనుంచి వస్తే కుక్కలు కూడా లేవడంలేదని
నోటితోనే డుర్రుమంటూ నడుపుతున్నాడు.
"అప్పు మాత్రం బో చప్పుడు చేస్తుండాదక్కా" అన్నాడు.

మూలాపేటలో చెంచయ్య ఇస్త్రీ బండి.
"రోజుకు బొగ్గులెన్ని కిలోలు?"
"గంప."
"కిలోల్లో చెప్పు పెద్దాయనా."
"చొక్కాల్లో చెప్తా, రాసుకో. ఎనభై."
కరెంటు పెట్టె ఇస్తారు, సబ్సిడీ ఉంది, పొగ ఉండదు —
కాగితంలో ఉన్నది ఉన్నట్టు చదివాను.
నీళ్లు చిలకరించి, మడత మీద పెట్టె తోసి
తలెత్తకుండానే అడిగాడు:
"ఆ కరెంటు యాడ్నించొస్తాది పాపా?"

ఇద్దరం తూర్పుకు చూశాం.
మేడలు అడ్డం. అయినా తెలుసు —
కృష్ణపట్నం రేవులో ఓడ దిగిన బొగ్గు
మబ్బుల్ని పొడిచే గొట్టాల కింద కాలి
తీగల మీద నడిచి మా వీధికొస్తుంది,
చేతులు కడుక్కుని.

"నాది గంపెడు. మరి దాన్ని ఎవురు రాసుకుంటారు?"

నా గడుల్లో వార్డు నంబరుంది. సముద్రం లేదు.

రేపు ఈ లెక్క మీదే కార్పొరేషన్లో మీటింగు.
మా పై ఆఫీసరు తెల్లచొక్కా
ఆ బండి మీదే ఉంది, ఎనభైలో ఒకటి.

పొద్దు వాలింది. పెన్న వైపునుంచి గాలి
రానా వద్దా అన్నట్టు వచ్చింది.
చెంచయ్య పెట్టె మూత తీసి
ఇంకా ఎర్రగానే ఉన్న బొగ్గుల్ని మూకుట్లోకి దులిపి
గుప్పెడు నీళ్లు చల్లాడు.
సుయ్‌మంది.
నల్లబడ్డవాటిని ఏరి గోనె మీద ఆరబెట్టాడు, రేపటికి.
నలభై ఏళ్లనించి ఇట్లా మిగిల్చినవి
ఎన్ని గంపలో!

కాలింది రాయడానికి గడి ఉంది.
కాలకుండా ఆపింది ఎక్కడ రాయాలో
పైకీ కిందికీ వెతుకుతున్నాను.

ట్యాబు, ఒక్క శాతం అని చూపించి
ఆరిపోయింది.
ఇంటికి పోయి ప్లగ్గులో పెట్టాలి.